కిలో బియ్యానికి ఎన్ని గంటలు

డబ్ల్యూఆర్ఎస్ కాలనీ,
రాయ్‌పూర్.
12 నవంబర్ 2006

ప్రీతి వదినకు,

ప్రభువు నామమున వందనాలు. నువ్వు పంపిన ఫోటోలు అందాయి. ఎర్ర కోటులో నిన్ను చూసి అమ్మ "ఇది మా అన్నయ్య కూతురేనా, దొరసానిలా అయిపోయింది" అంటూ కాలనీ అంతా తిప్పింది. ఆదివారం చర్చికి కూడా పట్టుకెళ్లింది. పాస్టరుగారి వేలిముద్రలు ఇంకా వాటి మీదే ఉన్నాయి.

నువ్వు ఫోన్ చేస్తే తిన్నావా, చలిగా ఉందా అనేలోపు కార్డు అయిపోతుంది. పైగా అమ్మ రిసీవరుకు చెవి ఆనించి నిలబడుతుంది. అందుకే ఈ ఉత్తరం. నాకు ఆ మంచూ వద్దు, ఆ పూలూ వద్దు. నిజం చెప్పు. డ్యూటీ ఎన్నింటికి ఎక్కుతావు, ఎన్నింటికి దిగుతావు? వారం సెలవు నిజంగా సెలవేనా, లేక ఇక్కడిలా "స్వాతీ, ఆజ్ ఆ జా, కల్ లే లేనా" అనే సెలవా? ఈరోజు వచ్చెయ్, రేపు తీసుకుందువులే అనే ఆ 'కల్' నా జన్మలో రాలేదు. నెలకు చేతికి ఎంత వస్తుంది?

నా సంగతి నీకు తెలియనిది కాదు. నువ్వూ ఈ నర్సింగ్ హోమ్‌లోనే మూడేళ్లు అరిగి వెళ్లావు. ఇప్పటికీ ఎనిమిది నుంచి ఎనిమిదే. జీతం మూడు వేల రెండొందలు అయింది, పండగ చేసుకో. ఇంటికొచ్చి నాన్నను చూస్తే ఒళ్లు మండుతుంది వదినా. వర్క్‌షాపులో సైరన్ మోగిందంటే చేతిలో స్పానర్ అక్కడే వదిలేసి సైకిలెక్కుతాడు. ఆయనకు ఎనిమిది గంటలు, పైన గంట చేస్తే రెట్టింపు కూలి. ఒకే ఇంట్లో నాకు పన్నెండు. ఇదేమిటి నాన్నా అంటే "మాది రైలువే, మీది ప్రైవేటు" అంటాడు, అదేదో దేవుడు రాసిపెట్టినట్టు.

మార్చితో నా రెండేళ్లు నిండుతాయి. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చేతికి రాగానే మీ ఏజెన్సీకి పంపిస్తాను. ఆ కాగితం లేకపోతే అక్కడ నా ముఖం కూడా చూడరని నువ్వే చెప్పావు. నా ఒరిజినల్స్ ఇంకా పెద్ద డాక్టరు బీరువాలోనే ఉన్నాయి. చేరిన రోజున అందరి దగ్గరా తీసుకున్నట్టే నా దగ్గరా తీసుకున్నాడు. పారిపోతామని భయం కాబోలు.

నీ మరదలు,
స్వాతి


కార్క్, ఐర్లండ్.
9 డిసెంబర్ 2006

స్వాతీ,

మరియమ్మ అత్తకు, మామయ్యకు నా వందనాలు చెప్పు. నువ్వు అడిగినవన్నీ వరసగా చెప్తాను, పిల్ల పంతులమ్మలా గద్దించకు.

ఇక్కడ వారానికి ముప్పై తొమ్మిది గంటలు. కొన్ని రోజులు పొడుగు డ్యూటీ ఉంటుంది, అచ్చం మన పన్నెండు గంటల్లాగే. కానీ అలాంటివి వారానికి మూడు చేస్తే మిగతా రోజులు నీవే. ఎవరూ ఫోన్ చేసి పిలవరు. పిలిస్తే దానికి వేరే డబ్బు. జీతం గంటకు పదిహేను యూరోల దాకా పడుతుంది. మన డబ్బులో దాదాపు తొమ్మిది వందలు. అవును, గంటకే. మొదటి నెల నేనూ నమ్మలేదు. వేళ్ల మీద లెక్కపెట్టుకుని, మళ్లీ లెక్కపెట్టుకుని, బాత్రూంలో కూర్చుని నవ్వాను.

అలాగని ఇక్కడ డబ్బు చెట్లకు కాయడం లేదు. టాక్సు కోస్తారు. గదికి నాలుగు వందల యూరోలు. ఆకాశం ఎప్పుడు చూసినా తడి గుడ్డలా వేలాడుతుంది. నువ్వు వచ్చాక ఇద్దరం కలిసి గది తీసుకుందాం. ఒక మంచం ఖాళీగానే ఉంచాను.

ఒక్క మాట విను. మార్చి దాకా నోరు మూసుకుని ఉండు. నీ నోరు నాకు తెలుసు, నర్సింగ్ స్కూల్లో వార్డెన్‌తో పెట్టుకున్నదానివి. ఆ కాగితం తీసుకో, విమానం ఎక్కు, తరవాత నీ ఇష్టం. మా తమ్ముడు బెన్నీని కూడా నా మాట మీదే అక్కడ ఎక్స్‌రేలో పెట్టుకున్నారు. వాణ్ణి కాస్త కనిపెట్టి ఉండు, వాడికి లోకం తెలియదు.

ప్రీతి


రాయ్‌పూర్.
20 జనవరి 2007

వదినా,

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. తప్పు నీదే, అడిగితే చెప్పేస్తావా అలా!

ముందుగా ఒక మాట. ఇంకెప్పుడూ నీ జీతం రూపాయల్లోకి మార్చి చెప్పకు. తొమ్మిది వందలు అనగానే అందరూ "అరే బాప్ రే" అని నోరు తెరిచి, అక్కడ ఖర్చులూ అలాగే ఉంటాయిలే అని మూసేసుకుంటున్నారు. నేను వేరేగా లెక్క వేశాను. కిలో బియ్యానికి ఎంతసేపు పనిచేయాలి? నాకు గంటకు పది రూపాయలు పడుతుంది. బియ్యం పద్నాలుగు. అంటే దాదాపు గంటన్నర నిలబడితే గానీ కిలో బియ్యం రాదు. నీకు పది నిమిషాలు కూడా పట్టదు, అవునా? డ్యూటీ చెప్పులకు నేను రెండు రోజులకు పైగా పనిచేయాలి. నువ్వు మధ్యాహ్నం భోజనంలోపు కొనేసుకుంటావు. ఇప్పుడు చెప్పమను, ఖర్చులు ఎక్కువని!

ఈ లెక్క నా ఒక్కదాని దగ్గరే పెట్టుకోలేకపోయాను. బట్టలు మార్చుకునే గదిలో నీ ఉత్తరం పైకి చదివాను. తెలుగులో చదివి, హిందీలో చెప్పాను. భాగ్యశ్రీ తెలుసుగా, కోపం వస్తే చేతిలో ఉన్నది కింద పెట్టేస్తుంది. బెడ్‌పాన్ కింద పెట్టేసింది. కొత్తగా చేరిన నవ్య అని ఉంది, ధర్సీవా నుంచి వస్తుంది. ఎనిమిదికి డ్యూటీ దిగితే ఆ అమ్మాయికి బస్సు దొరకదు. వారానికి నాలుగు రోజులు స్టోరు గదిలో దూది మూటల మధ్య పడుకుంటుంది. పెళ్లయిన పిల్ల వదినా. మొగుడు ఏమనుకుంటున్నాడో అని రోజూ ఏడుపు. అది ఏడుస్తూనే అడిగింది, "దీదీ, వహాఁ కీ నర్స్ కే భీ దో హీ హాథ్ హైం నా?" అని. అక్కడి నర్సుకూ రెండే చేతులు కదా అని.

అందుకని పద్దెనిమిది మందిమీ సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. మూడు షిఫ్టులు కావాలి, తలా ఎనిమిది గంటలు. జీతం మాట కూడా ఎత్తలేదు, అంత మంచివాళ్లం. పెద్ద డాక్టరు చదివి నవ్వాడు. "యే ఆయర్లండ్ నహీఁ, రాయ్‌పూర్ హై" అన్నాడు. నేను ఊరుకుందామనే అనుకున్నాను, నీ మీద ఒట్టు. కానీ నోరు దాని పని అది చేసింది. "నొప్పులు మాత్రం ఇక్కడా అవే సర్" అనేశాను.

స్వాతి


కార్క్.
11 ఫిబ్రవరి 2007

స్వాతీ,

నీకు సిగ్గుందా? నేను నీకు రాసిన ఉత్తరం పద్దెనిమిది మంది ముందు పైకి చదువుతావా? నిన్న నాన్న ఫోన్ చేశాడు. పెద్ద డాక్టరు బెన్నీని గదికి పిలిపించి, "మీ అక్క పంపిన ఉత్తరమట కదా, మీ ఖాందాన్ అంతా యూనియనా" అని అడిగాడట. వాడు రెండు రోజులుగా అన్నం తినడం లేదట. కనిపెట్టి ఉండమంటే ఇదా నువ్వు కనిపెట్టడం?

నువ్వు అనుకుంటున్నావు, ఇక్కడంతా గడియారం చూసుకుని గంతులేస్తూ ఇంటికి పోతామని. నేను రోజూ అరగంట ముందు వెళ్తాను. గంట ఆలస్యంగా వస్తాను. ఎవరూ ఉండమనలేదు, నేనే ఉంటాను. మంచాలు సర్దుతాను, మరుసటి రోజు ట్రేలు పెడతాను. పరాయి దేశం, ఆ మాత్రం చెయ్యకపోతే పేరు ఎలా వస్తుంది? మనం పనితోనే నోరు మూయించాలి, నోటితో కాదు. ఇక్కడి వాళ్లకు ముప్పై తొమ్మిది కూడా బరువైపోయిందట. ముప్పై అయిదు కావాలని గొడవ మొదలుపెట్టారు. నాకైతే వాళ్ల ముఖం చూడాలంటేనే సిగ్గేసింది. పెట్టి పుట్టినవాళ్ల ఆగడాలు.

నీకు ఇంకో నెల ఉంది. ఒక్క నెల. ఖాళీ మంచం మీద దుప్పటి కూడా వేసి ఉంచాను. వెళ్లి ఆయన కాళ్లు పట్టుకుంటావో, మేట్రన్ మేడంతో చెప్పించుకుంటావో, ఆ అర్జీలోంచి నీ పేరు తీయించుకో. నీ కోసం కాకపోతే బెన్నీ కోసం.

ప్రీతి


రాయ్‌పూర్.
8 మార్చి 2007

ప్రీతి వదినకు,

నీ ఉత్తరం పైకి చదవలేదు, భయపడకు. ఒక్కదాన్నే చదువుకున్నాను. రెండుసార్లు ఏడ్చాను, ఒకసారి నీ మీద కోపంతో, ఒకసారి ఊరికే.

ముందు బెన్నీ సంగతి. వాడు మాతో లేడు, మా అర్జీలో వాడి సంతకం లేదు. ఆ మాట నేనే పెద్ద డాక్టరు ముఖం మీద చెప్పాను. వాడికేమీ కాదు. నిన్న క్యాంటీన్‌లో నాలుగు సమోసాలు తిన్నాడు, కళ్లారా చూశాను.

కాళ్లు పట్టుకోమన్నావు. రోజంతా పేషెంట్ల కాళ్లు పట్టుకుంటూనే ఉన్నాను, ఆయన కాళ్లకు ఏ జబ్బూ లేదు.

మేం ఏం చేశామో చెప్తాను విను. సమ్మె చేయలేదు. పేషెంటును వదిలేసి బయట కూర్చోవడం మా ఎవరికీ చేతకాదు. కాగితం తీసుకుని మాకు మేమే మూడు షిఫ్టులు వేసుకున్నాం. ఎవరు పొద్దున, ఎవరు మధ్యాహ్నం, ఎవరు రాత్రి. మేట్రన్ మేడం గోడకు అంటించిన డ్యూటీ చార్టు అలాగే ఉంచి, దాని పక్కనే మాది అంటించాం. అంతే, మా చార్టు ప్రకారం రావడం మొదలుపెట్టాం. మధ్యాహ్నం నాలుగు కాగానే పొద్దుటివాళ్లు మందులూ తాళాలూ అప్పగించి బయటికి నడిచారు. ఒక్క పేషెంటుకు ఒక్క సూది ఆలస్యం కాలేదు. కాకపోతే షిఫ్టుకు మనుషులు చాల్లేదు. చాలక మేట్రన్ మేడం తనే చేతులు కడుక్కుని వార్డులోకి దిగింది. పదేళ్ల తరవాత సెలైన్ ఎక్కించిందట. ఆవిడ నడుం పట్టుకుని కుర్చీలో కూలబడితే భాగ్యశ్రీ మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, "మేడం, ఔర్ చార్ ఘంటే బాకీ హైం" అంది, మీ చార్టు ప్రకారం ఇంకా నాలుగు గంటలు ఉందని. దేవుడు క్షమించుగాక, చాలా నవ్వాం.

మూడు షిఫ్టులకు మనుషులు చాలడం లేదంటే తప్పు షిఫ్టులది కాదు, మనుషులను పెట్టుకోనివాళ్లది. ఈ మాట మాకు పని చేస్తుంటేనే తెలిసింది. ముందు తెలియదు.

ముప్పై అయిదు గంటలు అడిగేవాళ్లది ఆగడమన్నావు. నాకైతే వాళ్ల గురించి చదివితే ముచ్చటేసింది. ముప్పై తొమ్మిదికే ఊరుకోనివాళ్లు లోకంలో ఉన్నారంటే, డెబ్బై రెండుకు ఊరుకున్న మేమెంత పిచ్చివాళ్లమో కదా! ఏం చేశారో రాయి. కోపం తగ్గాకే రాయి.

స్వాతి


కార్క్.
29 ఏప్రిల్ 2007

స్వాతీ,

కోపం తగ్గింది. నీ మీద తగ్గి నా మీదకు వచ్చింది. ఎలాగో చెప్తాను.

నా వార్డులో నోరా అని ఒకావిడ ఉంది. యాభై దాటి ఉంటాయి, యూనియన్ మనిషి. ఒకరోజు డ్యూటీ అయిపోయాక నేను ట్రేలు సర్దుతుంటే వచ్చి, ఎందుకింకా ఉన్నావు అంది. నాకు ఇష్టమై ఉన్నాను అన్నాను. మెచ్చుకుంటుందేమో అనుకున్నాను పిచ్చిదాన్ని. ఆవిడ ముఖం ఎర్రగా చేసుకుని, "నువ్వు ఉచితంగా ఇచ్చే ఈ గంటను రేపు నా దగ్గర హక్కుగా అడుగుతారు. నాకు ఇంటి దగ్గర మంచంలో ఉన్న తల్లి ఉంది. నీ మంచితనం ఖర్చు నేను పెట్టుకోవాలా?" అంది. ఆ వారమంతా టీ టైములో నా బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు.

ఈ నెలలో వాళ్ల పోరాటం మొదలైంది. వీళ్లూ పేషెంటును వదల్లేదు. నర్సు పని మాత్రమే చేస్తాం, గుమాస్తా పని చేయం, వార్డులో ఫోన్లు ఎత్తం అన్నారు. మొదటి రోజు ఫోన్ మోగింది. నేను ఎత్తేశాను. ఆలోచించి కాదు స్వాతీ, అలవాటు. మన దగ్గర రెండోసారి మోగితే మేట్రన్ మేడం ఏమనేదో గుర్తుందిగా. హలో అన్నాక తలెత్తి చూస్తే వార్డు మొత్తం నన్నే చూస్తోంది. ఆ క్షణంలో నాకు అర్థమైంది, నేను తెచ్చుకోవాలనుకున్న మంచి పేరు వీళ్ల నెత్తిన కాలు పెట్టి తెచ్చుకునేదని. మరుసటి రోజు నేనున్న బల్ల మీదే ఫోన్ మోగింది. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మోగి మోగి ఆగిపోయింది. నోరా బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

ఇప్పుడు నీ సంగతి. నాకు ఎందుకు చెప్పలేదు? నువ్వు ఆ వార్డు నవ్వులన్నీ రాసిన రోజుకే నిన్ను తీసేశారట. బెన్నీ నిన్న ఫోన్‌లో చెప్పాడు. చెప్తూ ఏడ్చాడు. నేనేదో అడగగానే ఇంకొకటి కూడా బయటపెట్టాడు. వాడి ఉద్యోగం తీసేస్తామంటే నువ్వు ఆయన గదిలోకి వెళ్లి, "ఇదంతా మొదలుపెట్టింది నేను, తీసేస్తే నన్ను తీసెయ్యండి" అన్నావట. "సమోసాలు తిన్నాడు" అని నాకు రాశావు. ఇంత జరిగాక నాకు రాసేది సమోసాల గురించా?

పెద్ద డాక్టరు నీకు ఇంకా ఒక దారి ఉంచాడని కూడా వాడే చెప్పాడు. తప్పయిందని మాఫీ రాసిస్తే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇస్తాడట. రాసెయ్యి, ఒక కాగితం ముక్క, దానికేముంది, ఇక్కడికి వచ్చేస్తే అంతా మరిచిపోతావు అని చెప్పడానికే ఈ పూట కూర్చున్నాను. పేజీలు నిండాయి గానీ ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వే చెప్పు, ఏం చేశావు?

నీ వదిన,
ప్రీతి


అభన్‌పూర్.
17 జూన్ 2007

వదినా,

నిజమే, దాచాను. నీకు తెలిస్తే బెన్నీని తిడతావని, లేకపోతే నువ్వే ఆ డాక్టరుకు ఫోన్ చేసి బతిమాలుతావని భయం. నా కోసం నువ్వు బతిమాలితే నేను తట్టుకోలేను.

మాఫీ కాగితం నా ముందు పెట్టారు, టైపు చేసే ఉంచారు. విదేశాల నుంచి వచ్చిన అబద్ధపు కబుర్లతో తోటివారిని పెడదారి పట్టించాను, ఇంకెప్పుడూ చేయను అని దాని సారాంశం. సంతకం పెడితే అక్కడికక్కడే సర్టిఫికెట్. ఇంటికి తెచ్చి నాన్న ముందు పెట్టాను. నిజం చెప్పనా వదినా, నాన్న పెట్టమంటే పెట్టేద్దును. నాకు రావాలని ఉంది. నీ పక్క మంచం రోజూ కల్లోకొచ్చేది. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని హిందీ కూడబలుక్కుంటూ అంతా చదివాడు. "అబద్దమా? మా ప్రీతి అబద్దాలు రాసిందా? దీని మీద సంతకం ఎడితే నానేటి ముఖం పెట్టుకుని ఆల అయ్యకి కనిపించాలి? నిన్ను కూసోబెట్టి తిండి ఎడతాను గానీ ఇది రాయమని సెప్పనే అమ్మా" అన్నాడు. అమ్మ మాత్రం వంటింట్లో గిన్నెలు విసిరింది. కాసేపటికి వచ్చి ఆ కాగితం తనే చింపింది.

ఒరిజినల్స్ ఎలా తెచ్చుకున్నానో వింటే నువ్వు ఎగిరి గంతేస్తావు. నేను అడిగితే రేపు రా, ఎల్లుండి రా అన్నారు. భాగ్యశ్రీ ఏం చేసిందంటే, పదిహేడు మందినీ వెంటేసుకుని కౌంటరు దగ్గర నిలబెట్టింది. "మా అందరివీ ఇచ్చేయండి, స్వాతివి ఇచ్చేటప్పుడే" అంది. వార్డులు నిండుగా ఉన్నాయి. అందరూ ఒకేసారి కాగితాలు పుచ్చుకుంటే ఏమవుతుందో ఆయనకు అర్థమైంది. నావి ఇచ్చేశాడు. వాళ్లవీ ఇచ్చేశాడు. ఇప్పుడు ఆ బీరువాలో ఎవరి కాగితమూ లేదు. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ మాత్రం నాకు ఇవ్వలేదు. అడగడానికి మళ్లీ వెళ్లను కూడా.

అక్కడ ఇప్పుడు మూడు షిఫ్టులే. మిగతావాళ్లు మా చార్టు వదలకపోయేసరికి కొత్తగా నర్సులను పెట్టుకున్నారు. నవ్య సాయంత్రం బస్సుకు ధర్సీవా వెళ్లిపోతోంది. జీతాలు పైసా పెరగలేదు, ఆ సంగతి చూసుకోవడానికి భాగ్యశ్రీ ఉంది. అందరికీ ఎనిమిది గంటలు వచ్చాయి, నాకు తప్ప. ఒక్కొక్కప్పుడు కడుపు రగిలిపోతుంది వదినా, అబద్ధం ఎందుకు చెప్పాలి. నా రెండేళ్లు గాలికి పోయాయి. మీ ఏజెన్సీకి నేను ఒక్క రోజు కూడా పనిచేయనిదాన్నే. ఆ రెండో మంచం ఇంకెవరికైనా ఇచ్చెయ్యి, అద్దె దండగ.

ఈ అభన్‌పూర్‌లో చిన్న ఆసుపత్రిలో సోమవారం చేరాను. పగటిపూట నేనూ, దులారీ అని ఇంకో అమ్మాయీ, అంతే. చేరేటప్పుడు డాక్టరుగారు ఒరిజినల్స్ అడిగారు. చూసుకోండి, జిరాక్సు ఉంచుకోండి, అసలువి నాతోనే ఉంటాయి అన్నాను. డ్యూటీ ఎనిమిది నుంచి ఎనిమిది అన్నారు. నాలుగింటికి వెళ్తాను సర్, ముందే చెప్తున్నాను అన్నాను. ఆయన తమాషా అనుకుని నవ్వి ఊరుకున్నారు.

ఆ రోజు నాలుగయింది. చార్టులు రాశాను, సూదులూ తాళాలూ దులారీకి అప్పగించి బ్యాగు తీసుకున్నాను. డాక్టరుగారు గదిలోంచే "కహాఁ?" అన్నారు, ఎక్కడికని. ఎనిమిది గంటలు అయ్యాయి సర్ అని చెప్పి నడిచాను. గేటు దాకా వచ్చానో లేదో దులారీ పరుగెత్తుకొచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. ఆ పిల్లను ఇలా ఒంటరిగా వదిలేశానని తిట్టడానికే వచ్చిందనుకున్నాను. అది రొప్పుతూ, "దీదీ, కల్ సే మైఁ సుబహ్ ఆఊఁ, ఆప్ దోపహర్ కో?" అంది. రేపటి నుంచి తను పొద్దున వస్తుందట, నన్ను మధ్యాహ్నం పన్నెండుకు రమ్మంటోంది. తను నాలుగింటికి వెళ్తే నేను ఎనిమిది దాకా ఉంటాను. ఇద్దరికీ ఎనిమిదేసి గంటలు, వార్డు ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉండదు. ఇదంతా ఆ పిల్ల తనంతట తనే లెక్క వేసుకుంది. నేనింకా ఏ ఉత్తరమూ చదివి వినిపించలేదు.

కిటికీ దగ్గర డాక్టరుగారు నిలబడి వింటున్నారు. విననీ అనే, సరే అని గట్టిగా చెప్పాను.

నీ మరదలు,
స్వాతి